రగ్నార్ పేరు కట్టుకుని

ఎస్టర్‌సుండ్,
జనవరి 14

వదినా,

ఈ ఉత్తరం సంగతి నీ తమ్ముడు రగ్నార్ దగ్గర పొక్కనివ్వకు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ఏళ్ళ తరబడి ట్రామ్ నడిపి, చెవులు అందులోనే మరిచిపోయి దిగావు. నీకు వినపడేలా నేను అరిస్తే మా వీధి వీధంతా వింటుంది, అందరికంటే ముందు రగ్నార్ వింటాడు. అందుకే కాగితం మీద రాస్తున్నా. జవాబు కూడా ఇంటికి కాదు, నేను పనిచేసే బడి వంటగదికి రాయి. అక్కడ నా ఉత్తరాలు విప్పే ధైర్యం ఎవరికీ లేదు.

కిందటి నెల రగ్నార్ అరవయ్యో పుట్టినరోజుకి నువ్వు మోకాలి నొప్పని రాలేదు కదా. తను పనిచేసే రంపపు మిల్లు వాళ్ళు కేకు తెచ్చారు, పాట పాడారు, చేతిలో ఒక కవరు పెట్టారు. విప్పి చూస్తే, మే నెలలో మీ గోథెన్‌బర్గ్‌లో జరిగే హాఫ్ మారథాన్‌కి తన పేరు నమోదు చేయించేశారు! ఇరవై ఒక్క కిలోమీటర్లు. అరవై నిండిన మగాణ్ణి ఆటపట్టించడానికి మనవాళ్ళకి ఇంతకంటే మంచి కానుక తోచదు కదా. రగ్నార్ పొట్ట పట్టుకుని నవ్వి, ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి, ఇంకో ముక్క కేకు తిన్నాడు. తనకి ఆ పరుగు అక్కడితో అయిపోయింది.

నాకు అవలేదు. ఆ చోటు నా పేరు మీదికి మార్పించుకుందామనుకుంటున్నా. నేను పరుగెత్తుతాను.

నవ్వు. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

గుండె ఆపరేషనయి ఏడాది దాటింది. లోపల పెట్టిన కవాటం లోహపుది కదా, ఇల్లు సద్దుమణిగితే టిక్ టిక్‌మని బయటికే వినిపిస్తుంది. నాకు అలవాటైపోయింది. రగ్నార్‌కి కాలేదు. ఏ పనిలో ఉన్నా ఒక చెవి ఇటే. నేను బంగాళదుంపల బకెట్టు ఎత్తితే పరుగున వచ్చి లాక్కుంటాడు. మొన్న నిచ్చెనెక్కి కర్టెను తగిలిస్తుంటే కింద రెండు చేతులూ చాపుకుని నిలబడ్డాడు. పిల్లలు ఫోన్ చేసినా, పక్కనే నేనుండగా, "అమ్మకెలా ఉంది?" అని వాళ్ళ నాన్ననే అడుగుతారు. ప్రేమే, కాదనను. కానీ వదినా, నేను బతికొచ్చింది అద్దాల బీరువాలో కూర్చోడానికి కాదు.

డాక్టరమ్మని అడిగాను. పరీక్షలన్నీ చేసి, "పరుగెత్తు. కానీ పక్క మనిషితో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంతోనే. మాట తెగిందా, నడువు. ఇంకొకటి, ఎక్కడా పడకు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళు పడకూడదు" అంది.

నాకు గడియారంతో పనిలేదు, ఆఖర్న వచ్చినా బాధ లేదు. అంతమంది మధ్యలో, నా కాళ్ళ మీద నేను, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా, అంత దూరం పోతే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. యాభై ఏడేళ్ళొచ్చాయి. ఇంతవరకు బస్సు వెనక తప్ప పరుగెత్తినదాన్ని కాదు.

మే నెలలో నీ ఇంట్లో చోటిస్తావా?

నీ మరదలు
మారిట్


గోథెన్‌బర్గ్,
జనవరి 23

మారిట్,

నవ్వమన్నావు కదా, కుర్చీ పట్టుకుని మరీ నవ్వాను. ఆ తర్వాత కాసేపు ఏడ్చాను. ఎందుకని అడగకు, నాకే తెలీదు.

చోటిస్తావా అని అడుగుతావేంటే? ఆ పరుగు పోయేది నా కిటికీ కిందనుంచే. ఏటా ఆ రోజు మా భవనం వాళ్ళమంతా వీధి మూల మీద బల్ల వేసుకుంటాం. కాఫీ ఫ్లాస్కులు, దాల్చినచెక్క బన్నులు, చేతిలో రెండేసి గిన్నె మూతలు. పరుగెత్తేవాళ్ళ రొమ్ము మీద నంబరు కింద పేరు కూడా అచ్చేసి ఉంటుంది. ఆ పేరు చదివి "హెయా ఫలానా!" అని హుషారు చేస్తూ గొంతు చించుకోవడమే మా పని. ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఆ ఒక్కరోజు కన్నబిడ్డల్లా పిలుస్తాం. మర్నాడు ట్రామ్‌లో వాళ్ళే పక్కన కూర్చుంటే పలకరించం, అది వేరే సంగతి. కాళ్ళు బాగున్నప్పుడు నేనూ పరుగెత్తినదాన్నే. ఆ అరుపులే లేకపోతే పెద్ద వంతెన మీద చతికిలబడి ఉండేదాన్ని.

నీకోసం ఈసారి కొత్త మూతలు కొంటాను. నువ్వు మూల తిరిగే సరికి ఊరు దద్దరిల్లాలి.

రగ్నార్‌కి చెప్పను. చిన్నప్పుడు వాడి గురించి అమ్మకి నేను దాచిన సంగతులే కొండంత ఉన్నాయి, ఇదొక లెక్కా? కానీ నువ్వు మాత్రం పడకు. అక్కడ మీకు ఏప్రిల్ దాకా గడ్డమంచే కదా. బూటుకి మేకుల పట్టీలు లేకుండా గడప దాటావో, నేనే వచ్చి కాళ్ళు కట్టేస్తా.

ఇక్కడ మా భవనంలో యుద్ధం నడుస్తోంది. కింద బట్టలుతికే గదిలో నా వంతు రోజున మూడో అంతస్తు ఆల్ఫ్‌హిల్డ్ దుప్పట్లు యంత్రంలోనే వదిలేసి పోయింది. "ఇది మీ అత్తగారిల్లు కాదు" అని చీటీ రాసి తలుపుకి అంటించాను. సంతకం పెట్టలేదు. అయినా ఎవరు రాశారో భవనం మొత్తానికి తెలిసిపోయింది. నా దస్తూరీ అంత గొప్పది మరి.

నీ వదిన
గున్‌వోర్


ఎస్టర్‌సుండ్,
ఫిబ్రవరి 9

వదినా,

మేకుల పట్టీలు కొన్నాను. నడుస్తుంటే గుర్రం వస్తున్నట్టు చప్పుడు. పట్టీల కంటే కష్టమైంది అబద్ధం. వారంలో మూడు సాయంత్రాలు ఎక్కడికి పోతున్నానని చెప్పాలి? నోటికొచ్చింది చెప్పేశాను, చర్చి బృందంలో పాటల సాధన అని.

పూర్తి అబద్ధమూ కాదులే. మాట తెగకూడదు కదా, పక్కన మాట్లాడే మనిషి లేదు. అందుకని సరస్సు పక్క దారి పొడుగునా పాడుకుంటూ పరుగెత్తుతున్నా. గొంతు తెగితే నడక, కుదుటపడితే మళ్ళీ పాట. మొదటి వారం పల్లవి దాటలేదు. మొన్న రెండు చరణాలు వచ్చాయి! పాస్టరు గారు కుక్కతో ఎదురుపడి, టోపీ తీసి, నన్ను చూడనట్టే వెళ్ళిపోయారు. ఆయనకి నా మీద జాలి కలిగిందనుకుంటా.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, రగ్నార్‌కి పాటలంటే పడదు కదా, అలాంటివాడు ఏప్రిల్‌లో చర్చి బృందం కచేరీకి ముందు వరసలో టికెట్టు కొన్నాడు. "నువ్వు పాడుతుంటే చూడాలి" అన్నాడు. నేను కప్పులో కాఫీ ఒలకబోసుకున్నాను.

పేరు మార్పిడి ఇంకా చేయించలేదు. కాళ్ళు నిలుస్తాయో లేదో చూసుకుని చేయిస్తా. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది.

దుప్పట్ల యుద్ధం ఏమైంది?

మారిట్


గోథెన్‌బర్గ్,
ఫిబ్రవరి 27

మారిట్, కొంప మునిగేట్టుంది.

నిన్న రగ్నార్ ఫోన్ చేశాడు. నాకు వినపడాలని వాడు అరిచిన అరుపులకి పక్కింటి పిల్లి మంచం కిందికి దూరింది. "అక్కా, వారానికి మూడు సాయంత్రాలు పోతోంది. బుగ్గలు ఎర్రగా, జుట్టు తడిగా వస్తోంది. స్నానాల గదిలో పాడుకుంటోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడైనా పాడిందా?" అన్నాడు. ఆ తర్వాత అదే అరుపుతో, "బృందానికి కొత్త మాస్టారు వచ్చాడు. ఫోల్కె అట. గోడ మీద వాడి బొమ్మ చూశా. గడ్డం దువ్వుకుంటాడు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. నవ్వు దిగమింగుకుని, "పోనీలేరా, దాని గుండెకి మంచిదేగా" అన్నాను. నా ఉద్దేశం ఒకటి, వాడి చెవికి అందింది ఇంకొకటి. ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

ఏదో ఒకటి చెప్పి వాణ్ణి నెమ్మదిపరచు. లేకపోతే ఆ ఫోల్కె గడ్డం ఊడొస్తుంది.

ఆల్ఫ్‌హిల్డ్ నా చీటీ కింద జవాబు రాసింది: "నీ అత్తగారిల్లు కూడా కాదు."

గున్‌వోర్


ఎస్టర్‌సుండ్,
మార్చి 12

వదినా,

నీ తమ్ముడికి ఏదో అయింది. నా మీద అనుమానమన్నావు, నాకే తన మీద అనుమానంగా ఉంది.

నీ ఉత్తరం వచ్చిన రోజే తను మీసం తీసేశాడు. పెళ్ళినాటి నుంచీ ఉన్న మీసం! మర్నాడు కొత్త చొక్కా. మంగళవారం పూట, పండగా పబ్బమూ లేకుండా, ట్యూలిప్ పూలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సరే, ఫోల్కె మహత్యం అనుకున్నా. కానీ ఈ వారం నుంచి తనే సాయంత్రాలు మాయమవుతున్నాడు. భోజనం అవగానే "మిల్లులో పనుంది" అని వ్యాన్ తీసుకుని పోతాడు. నేను బయల్దేరే వేళకి తిరిగొస్తాడు, ముక్కు ఎర్రగా, నడుం పట్టుకుని. ఎక్కడికని అడిగితే ఫ్రిజ్ వైపు చూస్తాడు. మిల్లు ఆఫీసులోకి కొత్తమ్మాయి ఎవరైనా వచ్చిందేమో కనుక్కుని చెప్పు.

మంచి కబురు కూడా ఉంది. ఎన్నాళ్ళకో మా మునిసిపాలిటీకి బుద్ధొచ్చింది. సరస్సు పక్క దారికి ఏనాడూ ఇసక పోసినవాళ్ళు కాదు, ఇప్పుడు నేను వెళ్ళే సరికి ఆ చివర నుంచి ఈ చివర దాకా కొత్త ఇసక! గడ్డమంచు మీద కాలు జారితే ఒట్టు. నిన్న పాట మొత్తం పాడి, మళ్ళీ మొదలుపెట్టి, దారి అయిపోయే దాకా ఆగలేదు. చివర నిలబడి సరస్సు వైపు అరిచాను. ఏమని అరిచానో చెప్పను, మాటలేమీ లేవు అందులో. ఒళ్ళంతా నాదే అనిపించింది. ఆపరేషన్ తర్వాత అలా అనిపించడం ఇదే మొదలు.

మునిసిపాలిటీకి ధన్యవాదాలు చెబుతూ ఒక ఉత్తరం రాయబోతున్నా.

మారిట్


గోథెన్‌బర్గ్,
మార్చి 20

మారిట్,

ఆ ఉత్తరం రాయకు. పప్పులో కాలేశావు.

ఆ ఇసక పోసేది మునిసిపాలిటీ కాదు, నీ మొగుడు.

కిందటిసారి నీకు రాశాక రగ్నార్ మళ్ళీ ఫోన్ చేశాడు. చర్చికి పోయి ఫోల్కెని నిలదీస్తానన్నాడు. అరవయ్యేళ్ళ నా తమ్ముడు, పెళ్ళాం పోతోందని నా దగ్గర ఏడుపు దిగమింగుకుంటుంటే ఇంక నేను దాచలేకపోయాను. చెప్పేశాను. పరుగు, పాట, మే నెల, అన్నీ.

కోప్పడతాడనుకున్నా. "ఏ దారిన పరుగెత్తుతోంది?" అని ఒక్క ముక్క అడిగాడు. సరస్సు పక్కనన్నాను. "అక్కడ ఇసక పొయ్యరే" అని ఫోన్ పెట్టేశాడు. మిల్లు నుంచి ఇసక బస్తాలు వ్యాన్‌లో వేసుకుని, నీకంటే ముందు పోయి, పారతో చల్లి వస్తున్నాడు. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. కానీ వాడి నడుం విరిగే పనికి నువ్వు మునిసిపాలిటీకి దండం పెడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను.

మిల్లులో కొత్తమ్మాయి లేదు. ఆ మీసం మాత్రం ఫోల్కె మీద కోపంతో పోయింది, తిరిగి వస్తుంది.

గున్‌వోర్


ఎస్టర్‌సుండ్,
ఏప్రిల్ 2

గున్‌వోర్,

నేను నిన్ను ఒకటే అడిగాను, చెప్పొద్దని.

ఆ రోజు సరస్సు ఒడ్డున నిలబడి అరిచినప్పుడు, ఇదంతా నేను చేశాననుకున్నాను. నా కాళ్ళు, నా గొంతు. ఇప్పుడు చూస్తే కాలు పెట్టిన ప్రతిచోటా ముందుగా ఎవరో వచ్చి సర్దిపెట్టి పోయారు. బకెట్టు లాక్కున్నట్టే దారి కూడా లాక్కున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. కృతజ్ఞత లేనిదాన్నని అనుకున్నా అనుకో.

ఇవాళే పోయి ఆ చోటు నా పేరు మీదికి మార్పించాను. వస్తున్నాను, పరుగెత్తుతున్నాను. కానీ ఆ రోజు దారిలో మీరెవరూ నాకు కనపడకూడదు. నువ్వు మూల మీద ఉండొద్దు, మూతలొద్దు. రగ్నార్ ఊళ్ళోకి వచ్చినా దారి మీదికి రాకూడదు. మీలో ఎవరి మొహం కనిపించినా అక్కడే ఆగిపోతాను, నిజంగా ఆగిపోతాను. నేను ఏదైనా హాస్టల్లో ఉంటాలే.

రగ్నార్‌తో కూడా చెప్పేశాను. సరే అన్నాడు. కచేరీ టికెట్టు పక్కింటి నీల్స్‌కి ఇచ్చేశాడు.

మారిట్


గోథెన్‌బర్గ్,
ఏప్రిల్ 11

మారిట్,

నీ ఉత్తరం చదివి నాకూ కోపం వచ్చింది. అందుకే వెంటనే రాయలేదు.

నువ్వు చెప్పింది నిజమే. నీ గుట్టు నేను బయటపెట్టాను. దారి నీదన్నదీ నిజమే. కానీ ఒక్క మాట విను. ఆపరేషన్ రోజు నువ్వు మత్తులో ఉన్నావు, వాడు మెలకువగా ఉన్నాడు. డాక్టర్లు చెప్పిన వేళ దాటిపోయినా తలుపు తెరుచుకోలేదు. నేను వాడి పక్కనే కూర్చున్నాను. వాడు తన టోపీని మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. ఆ టోపీ ఆ రోజుతో పాడైంది. నీకది ఎప్పుడో అయిపోయిన సంగతి. వాడు ఆ వరండాలోంచి ఇంకా బయటికి రాలేదే. పిచ్చివాడు, నడుం నొప్పితో ఇసక చల్లడం తప్ప వాడికి ఏం తెలుసు?

ఇది చెప్పి నీ మనసు మార్చాలని కాదు. నీ షరతు నాకు సమ్మతమే. ఇన్నేళ్ళలో మొదటిసారి నా మూల నేను వదులుకుంటున్నా, అదీ నీ కోసం. హాస్టల్ మాటెత్తావంటే మాత్రం ఊరుకోను. నా ఇంట్లోనే దిగు. రగ్నార్‌నీ రానీ. ఆ రోజు మేమిద్దరం వెనక వంటింట్లో కూర్చుంటాం. దాని కిటికీ పెరటివైపు, అక్కణ్ణించి వీధి కనపడదు. గడప దాటం.

దుప్పట్లు, దిండు గలీబులు మీవి మీరు తెచ్చుకోండి. కోపాలెన్ని ఉన్నా పద్ధతి పద్ధతే.

గున్‌వోర్


ఎస్టర్‌సుండ్,
మే 6

వదినా,

టోపీ సంగతి నాకు తెలీదు. పోయిందన్నాడంతే. ఆ ఉత్తరం వచ్చిన రోజు రగ్నార్‌తో చాలాసేపు మాట్లాడాలనుకున్నా. ఇద్దరం సోఫాలో కూర్చుని టీవీలో వాతావరణం చూశాం. అయినా కొంచెం తేలికపడింది. షరతు షరతే. నీ ఇంట్లోనే దిగుతాం, గలీబులు తెస్తాం.

ఇవాళ పోస్టులో పరుగు కవరు వచ్చింది. ఒక్కదాన్నే ఉండగా గబగబా చింపాను. నంబరు ఉంది. దాని కింద ఇంతింత లావు అక్షరాలతో పేరు ఉంది: రగ్నార్!

వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతలి పిల్ల ఎంతో మర్యాదగా, "నంబరు మీదే, ఫలితాల్లో పేరు కూడా మీదే వస్తుంది. రొమ్ము మీద కట్టుకునే కాగితాలు మాత్రం మీరు మార్పించేలోపే అచ్చయిపోయాయి" అంది. ఆ కోపమేదో నాలుగు రోజుల ముందే వచ్చి, మార్పించుకుని ఉంటే సరిపోయేది. దారిలో మీరెవరూ కనపడొద్దని అంత లావు షరతు పెట్టినదాన్ని, ఇప్పుడు మొగుడి పేరు రొమ్మున కట్టుకుని మీ ఊరంతా తిరగాలా?

రగ్నార్ అది చూసి చాలాసేపు నవ్వాపుకున్నాడు. చివరికి, "చెమట పట్టకుండా నా పేరుకి ఇంత గౌరవం దక్కుతోంది" అన్నాడు. చాలా రోజులకి ఇద్దరం కలిసి నవ్వాం. పేరు మీద అట్టపెట్టెలకి వేసే టేపు అంటించేశాను. ఇంక ఎవరికీ కనపడదు.

పై వారం కలుద్దాం.

మారిట్


గోథెన్‌బర్గ్,
మే 27

మారిట్,

మీరు రైలెక్కాక ఇల్లు బోసిపోయింది. ఆ రోజు ముగ్గురం ఒకేసారి మాట్లాడాం, ఒకరి మాట ఒకరు వినలేదు. నాకైతే ఎలాగూ వినపడదు. అందుకే నీకు తెలియనిది ఒకటి రాస్తున్నా. రగ్నార్ చెప్పడు, వాణ్ణి నేనెరుగుదును.

మాటిచ్చినట్టే ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. కిటికీలు మూశాం. వాడు కాఫీ పోసుకుని తాగలేదు. బయట వాన. వీధివైపు నుంచి గిన్నె మూతలు, డప్పులు, పేర్లు, అన్నీ కలిసి ఒకటే హోరు వస్తోంది. ఉన్నట్టుండి వాడు లేచి నిలబడ్డాడు. "అక్కా, నన్ను పిలుస్తున్నారు" అన్నాడు. నాకేం వినపడుతుంది? నీ భ్రమరా అన్నాను. "కాదు, రగ్నార్ రగ్నార్ అని అరుస్తున్నారు, చాలామంది" అన్నాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నువ్వు టేపు అంటించావని ఇద్దరికీ తెలుసు కదా. నువ్వు పడిపోయావనీ, మొగుణ్ణి పిలవమని ఎవరితోనో చెప్పావనీ, జనం వాడికోసం కేకలేస్తున్నారనీ అనుకున్నాడు.

మేజోళ్ళతోనే మెట్లు దిగాడు. నేను మోకాలు ఈడ్చుకుంటూ వెనకాల. వీధి తలుపు గొళ్ళెం మీద చెయ్యేసి ఆగిపోయాడు. మాట గుర్తొచ్చింది. తీస్తే నువ్వాగిపోతావు, తియ్యకపోతే నువ్వేమైపోతావో. ఆ గొళ్ళెం పట్టుకుని వాడు నిలబడ్డ తీరు నేను చచ్చేదాకా మర్చిపోను. అప్పుడు నేను తలుపుకి నా మంచి చెవి ఆనించాను. ఆల్ఫ్‌హిల్డ్ గొంతు! నా మూతలు ఆవిడకే ఇచ్చాను, ఆ రోజుకి సంధి చేసుకుని. "హెయా రగ్నార్! గడ్డం బాగా గీసుకున్నావు రగ్నార్!" అంటోంది. జనం నవ్వుతున్నారు. "ఒరేయ్, పడిపోయిన మనిషిని చూసి ఎవరూ ఇలా నవ్వరు. అది పరుగెత్తుతోంది. నీ పేరుతో పరుగెత్తుతోంది" అన్నాను.

వాడు కింద మెట్టు మీద కూలబడ్డాడు. ఊరు ఊరంతా వాడి పేరు అరుస్తూనే ఉంది. ఆ హోరు మూల తిరిగి దూరమయ్యే దాకా విన్నాడు. ఏడ్చాడు, నవ్వాడు, ముక్కు చీదాడు. తలుపు మాత్రం తెరవలేదు.

ఇప్పుడు నువ్వు రాయి. మొదటినుంచి చివరిదాకా అంతా కావాలి నాకు.

నీ వదిన
గున్‌వోర్


ఎస్టర్‌సుండ్,
జూన్ 8

వదినా,

తలుపు సంగతి చదివాను. తను నాకు చెప్పలేదు. నేనూ చదివానని చెప్పలేదు.

మొదటినుంచి అన్నావు కదా, విను. నన్ను అన్నింటికంటే వెనక గుంపులో నిలబెట్టారు. పక్కన అరటిపండు వేషం వేసుకున్న ఒక పెద్దాయన, ఆయన పక్కన పళ్ళ డాక్టరు బిర్గిట్. మాట తెగకూడదని డాక్టరమ్మ అన్న సంగతి చెబితే బిర్గిట్, "అయితే నా విడాకుల కథ చెబుతా, జవాబులు చెబుతూ ఉండు" అంది. తుపాకీ పేలింది. అంతమంది అడుగుల చప్పుడు ఒక్కసారి లేచేసరికి నాకు నవ్వొచ్చింది. ఇంతమందిలో ఎవరికీ నా గుండె టిక్ టిక్ వినపడదు! ఎవరికీ తెలీదు! నేను ఉత్త ఒక మనిషిని, తడిసిన టోపీ పెట్టుకుని పరుగెత్తుతున్న ఒక మనిషిని. వదినా, అది ఎంత బాగుందో నీకు ఎలా చెప్పను.

వానకి టేపు ఎప్పుడు ఊడిందో తెలీదు. పార్కు దాటగానే ఎవరో "హెయా రగ్నార్!" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మాట తప్పి వచ్చేశాడనుకుని చుట్టూ వెతికాను, ఇంకా ముగ్గురు అరిచారు, నా వైపే చూస్తూ. అప్పుడు రొమ్ము మీదికి చూసుకున్నాను. బిర్గిట్ నవ్వలేక ఆగి గోడ పట్టుకుంది. "రగ్నార్ ఎవరు, నువ్వేనా?" అంది. "మా ఆయన. దారిలోకి రావద్దన్నాను" అన్నాను. "మాట బాగానే విన్నాడు" అంది. ఆ క్షణం నుంచి పిల్లలు రగ్నార్, ముసలాళ్ళు రగ్నార్, ట్రామ్ ఆపుకుని గంట కొట్టిన డ్రైవరు కూడా రగ్నార్. కాసేపు చేత్తో కప్పుకున్నాను. తర్వాత చెయ్యి తీసేశాను. ఎంతసేపని కోపంగా ఉంటాం? అంతమంది అంత ప్రేమగా పిలుస్తుంటే, పేరు ఎవరిదైతేనేం, పరుగెత్తే కాళ్ళు నావే కదా.

పెద్ద వంతెన మీద మాత్రం నవ్వు పోయింది. ఎక్కినకొద్దీ ఎక్కడమే. ఎదురుగాలి. బిర్గిట్ ముందుకు పోయింది. పాడదామని నోరు తెరిస్తే పల్లవి సగంలో తెగింది. నడిచాను. నడిచినా ఊపిరి అందలేదు. కమ్మీ పట్టుకుని ఆగాను. అంత ఎత్తున జనం ఎవరూ లేరు, పిలిచేవాళ్ళు లేరు, చెవుల్లో టిక్ టిక్ ఒక్కటే వినిపిస్తోంది. భయమేసింది. రగ్నార్ భయపడేది దీనికే అని అప్పుడు అర్థమైంది. తను రోజూ వినేది ఇదే.

పసుపు కోటు వేసుకున్న కాపలా అమ్మాయి దగ్గరికొచ్చింది. "రగ్నార్, బాగానే ఉన్నారా? బండి పిలవనా?" అంది. నేను ఊపిరి తీసుకుని, "నా పేరు మారిట్. రగ్నార్ మా ఆయన. నాకేం కాలేదు, కాసేపు ఆగి మీ నది చూస్తున్నాను, బండి అక్కర్లేదు" అన్నాను. అన్నాక నాకే తెలిసింది, వాక్యం మొత్తం ఒక్క గుక్కలో వచ్చింది, ఎక్కడా తెగలేదు. ఆ పిల్ల నవ్వింది. నేను కమ్మీ వదిలేశాను. ఎవరూ వదిలించలేదు, ఎవరూ పట్టుకోలేదు. దిగువకి వస్తుంటే కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి.

వంతెన దిగాక ఉప్పు దోసకాయ ముక్కలు, వేడి సూపు ఇచ్చారు. ఆ దోసకాయంత రుచి పెళ్ళి విందులో కూడా తినలేదు. నీ మూల దగ్గర నువ్వు లేవు. షరతు పెట్టింది నేనే, అయినా కళ్ళు నీకోసమే వెతికాయి, ఆ సంగతి ఒప్పుకుంటున్నా. ఆల్ఫ్‌హిల్డ్ మూతలు వాయించిన వాయింపుకి వెనక వచ్చే అరటిపండాయన తుళ్ళిపడ్డాడు. నీ ఇంటి వీధి తలుపు మూసి ఉంది. దాని వెనక తను ఉన్నాడని తెలియకుండానే దాటిపోయాను.

స్టేడియంలోకి తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది, కాళ్ళు కొయ్యబారాయి. మైకులో ఒకాయన వచ్చేవాళ్ళ పేర్లు చదువుతున్నాడు. ఆయన దగ్గర అచ్చు కాగితాలు కాదు, కంప్యూటరు ఉంది. గీత ఇంకా కొంచెం దూరముండగా, "మారిట్, ఎస్టర్‌సుండ్ నుంచి!" అన్నాడు. పొద్దుటినుంచి అంత ఊరు అరిచింది, నా పేరు వినడం అదే మొదటిసారి. రెండు చేతులూ పైకెత్తేశాను. నేనే, నేనే, అని అరిచాను. దాటేశాను, వదినా. నా కాళ్ళ మీద నేను దాటేశాను.

ఇంక ఇక్కడి సంగతి ఒకటి రాసి ఆపేస్తా. నిన్న పడవ నీళ్ళలోకి దింపాం. కిందటేడు రగ్నార్ నన్ను కాఫీ పెట్టమని లోపలికి పంపి, నీల్స్‌ని పిలిచి దింపించాడు. నిన్న షెడ్డు తలుపు తీసి, తను పడవ ముక్కు వైపు వంగి పట్టుకుని, "ఆ చివర పట్టుకో" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. అన్నానని తనకి తెలిసినట్టు కూడా లేదు.

పట్టుకున్నాను, ఎత్తాం. బరువుగా ఉంది, వదినా, చాలా బరువుగా ఉంది. రాళ్ళ మీదుగా నీళ్ళ దాకా మోశాం. తను ముందు నడిచాడు, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

నీ
మారిట్